ఫోన్‌లో వైఫై బాగానే ఉంది, ల్యాప్‌టాప్‌లోనే పోతోంది: రూటర్ మార్చే ముందు ఎక్కడ తెగుతోందో చూడండి

మీ ప్రశ్న ఇదీ: ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రూటర్ హాల్లో టీవీ వెనక ఉంది, మీరు పని చేసుకునేది పడకగదిలో. ఫోన్లలో ఇబ్బంది లేదు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మాత్రం పావుగంటకో అరగంటకో వైఫై పోయి, మళ్లీ దానంతటదే వస్తోంది. మీటింగులు మధ్యలో తెగిపోతున్నాయి. రూటర్ ఆపి వేశారు, నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టారు, మార్పు లేదు. కొత్త రూటర్ కొనాలా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలకు ముందుగా అనుమానించాల్సినవి మూడు: ల్యాప్‌టాప్ వైఫై కార్డు పవర్ సేవింగ్, డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్); రూటర్ వాడే రెండు రేడియో దారులు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ల మధ్య ల్యాప్‌టాప్ అటూ ఇటూ దూకడం; రూటర్ పెట్టిన చోటు. మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. కానీ వీటి మీద చెయ్యి వేసే ముందు అసలు తెగుతున్నది ఎక్కడో తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ వరకు ఒక దారి, రూటర్ నుంచి బయటికి ఇంకో దారి. రెంటిలో ఏది తెగినా మనకు కనిపించేది "నెట్ పోయింది" అనే. మందు మాత్రం వేరు.

ఫోన్ సాక్ష్యాన్ని అప్పుడే నమ్మకండి. వైఫై బలహీనపడితే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. పైగా వీడియోలు ముందే కొంత భాగం దించుకుని ఆడతాయి కాబట్టి పది సెకన్లు నెట్ లేకపోయినా మీకు తెలియదు. మీటింగ్‌కు ఆ వెసులుబాటు లేదు, రెండు సెకన్లు ఆగితే గొంతు తెగుతుంది. కాబట్టి ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుని వాట్సాప్ వీడియో కాల్ అరగంట నడపండి. అదీ తెగితే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, కిందనున్న ల్యాప్‌టాప్ భాగం వదిలేసి రూటర్ భాగానికి వెళ్లిపోవచ్చు.

రెండు కిటికీల పరీక్ష. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో కొట్టండి. వైఫై కింద డిఫాల్ట్ గేట్‌వే అని ఉన్నదే మీ రూటర్ చిరునామా. 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ 192.168.29.1 గానీ ఉండొచ్చు. ఇప్పుడు రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు పక్కపక్కన తెరవండి. మొదటిదాంట్లో పింగ్ (చిన్న సందేశం పంపి జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్), ఖాళీ, ఆ చిరునామా, ఖాళీ, తర్వాత హైఫన్, టీ అక్షరం. రెండోదాంట్లో అదే, చిరునామా స్థానంలో 8.8.8.8 (బయట ఉన్న గూగుల్ సర్వర్ చిరునామా). ఆ టీ వల్ల మీరు కంట్రోల్, సీ నొక్కేదాకా పింగ్ ఆగకుండా నడుస్తుంది. రెండూ అలా వదిలేసి మీ పని చేసుకోండి. నెట్ పోయిన క్షణంలో రెండు కిటికీలూ చూడండి.

రూటర్ కిటికీ నిక్షేపంగా నడుస్తూ 8.8.8.8 కిటికీ మాత్రమే ఆగితే, వైఫైకి ఏ జబ్బూ లేదు. ఫైబర్, ఆపరేటర్, లేదా రూటర్ బయటివైపు కనెక్షన్ పోతోంది. రెండూ ఒకేసారి ఆగితే తప్పు వైఫైలోనే, లేదా రూటరే రీస్టార్ట్ అవుతోంది. రెండూ నడుస్తూ ఆఫీసు పని మాత్రమే ఆగితే వీపీఎన్‌ను (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే ప్రోగ్రామును) అనుమానించండి. ఇది చాలామంది వైఫై ఖాతాలో రాసేసే తప్పు.

ఆగినప్పుడు కనిపించే మాట కూడా ముఖ్యమే. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటే ల్యాప్‌టాప్ కనెక్షన్‌లోనే ఉంది, జవాబు మాత్రం రావట్లేదు: బలహీనమైన సిగ్నల్, గాలిలో రద్దీ. "జనరల్ ఫెయిల్యూర్" అంటే ల్యాప్‌టాప్ వైఫై నుంచే ఊడిపోయింది: డ్రైవర్, పవర్ సేవింగ్, బ్యాండ్ మార్పు. ఏదీ ఆగకపోయినా రూటర్ కిటికీలో సమయాలు చూడండి. 5 గిగాహెర్ట్జ్‌లో, దగ్గరలో ఉంటే 1 నుంచి 5 మిల్లీసెకన్లు ఉండాలి. మధ్యమధ్య 20 దాకా వెళ్లినా పర్వాలేదు. 200, 300 తరచూ కనిపిస్తుంటే రేడియో ఇబ్బంది పడుతున్నట్టే.

ఇంకో నివేదిక విండోసే రాసి పెడుతుంది, దీన్ని వాడేవాళ్లు తక్కువ. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎన్-ఈ-టీ-ఎస్-హెచ్, ఖాళీ, డబ్ల్యూ-ఎల్-ఏ-ఎన్, ఖాళీ, షో, ఖాళీ, డబ్ల్యూలాన్‌రిపోర్ట్ (చివరిది మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాట) అని ఇంగ్లీషులో కొట్టండి. గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడెప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నీ ఒక పేజీగా తయారవుతాయి. ఫైలు ఎక్కడుందో ఆ కమాండే చెబుతుంది, బ్రౌజర్లో తెరవండి. డిస్‌కనెక్ట్ కారణాల్లో డ్రైవర్ పేరు పదేపదే కనబడితే మీ దారి సులువైంది.

ఇక సిగ్నల్. టాస్క్‌బార్ మీది గీతలు చూసి తృప్తి పడొద్దు, అంకె కావాలి. అదే కమాండ్‌లో చివరి మాట బదులు ఇంటర్‌ఫేసెస్ అని కొడితే బ్యాండ్, చానల్ (బ్యాండ్‌లో ఒక చిన్న ముక్క), వేగం, సిగ్నల్ శాతం వస్తాయి. కొత్త విండోస్ 11లో లొకేషన్ సర్వీస్ ఆఫ్‌లో ఉంటే ఈ కమాండ్ మొరాయిస్తుంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోండి. శాతాన్ని రెండుతో భాగించి 100 తీసేస్తే సుమారుగా డీబీఎం వస్తుంది, అంటే సిగ్నల్ బలం కొలత; సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. 66 శాతమంటే మైనస్ 67. వీడియో మీటింగ్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా ఉండాలి. మైనస్ 75కి దిగితే నత్తనడక, మైనస్ 80 దగ్గర తెగడం మొదలు. మీరు కూర్చునే కుర్చీలో, ల్యాప్‌టాప్ మూత మీరు వాడే కోణంలో ఉంచే కొలవండి. యాంటెనాలు ఎక్కువ మోడళ్లలో స్క్రీను చుట్టూ ఉన్న అంచులోనే ఉంటాయి. మూత మూసి పక్క మానిటర్‌తో పనిచేసేవాళ్లకు సిగ్నల్ పడిపోవడానికి ఇదే కారణం.

ఈ కమాండ్‌ను ఐదు నిమిషాలకోసారి కొట్టి చానల్ గమనించండి. ఒకసారి 6, ఇంకోసారి 36, మళ్లీ 6 అని వస్తుంటే బ్యాండ్ల మధ్య దూకుతోందన్నమాట. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టిన రూటర్లలో ఇది మామూలు. హాల్లోంచి పడకగదిలోకి వచ్చేసరికి 5 గిగాహెర్ట్జ్ అంచుమీద ఉంటుంది. ల్యాప్‌టాప్ 2.4కి దిగుతుంది, కాసేపటికి 5 మళ్లీ బావుందనిపించి ఎక్కుతుంది. ఎక్కిన ప్రతిసారీ మీటింగ్‌కు ఒక కుదుపు. మందు: రూటర్ పేజీలో (బ్రౌజర్లో రూటర్ చిరునామా కొడితే వచ్చేది) స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ ఆపి, రెండింటికీ వేరు పేర్లు పెట్టండి. పడకగదిలో 5 గిగాహెర్ట్జ్ మైనస్ 67 కన్నా కిందికి దిగకుండా ఉంటే ల్యాప్‌టాప్‌ను దానికే కట్టెయ్యండి, రెండో పేరు ఫర్గెట్ చెయ్యండి. మైనస్ 75 దగ్గర ఉంటే 2.4కే కట్టండి. వేగం తగ్గుతుంది, కానీ మీటింగ్‌కు కావలసింది రెండు మూడు ఎంబీపీఎస్. నిలకడ ముందు వేగం లెక్కలోకి రాదు.

ల్యాప్‌టాప్‌లో మార్చాల్సినవి. ఒక్కోటి మార్చి, ఒక పూట వాడి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి మార్చకండి.

డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్లు తెరిచి వైఫై కార్డు ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపడానికి కంప్యూటర్‌ను అనుమతించు" అనే అర్థమొచ్చే టిక్ తీసెయ్యండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబే కనిపించదు. అది మీ తప్పు కాదు, వాటి నిద్ర పద్ధతి వేరు. పాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ ఉంటే బ్యాటరీ మీద కూడా మ్యాక్సిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. మీకు ఛార్జర్ పెట్టినప్పుడు నిలకడగా ఉండి, తీసేస్తే తెగుతోందా? అయితే దాదాపు ఖాయంగా ఇదే.

అదే ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్. ఇంటెల్ కార్డయితే రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అని ఉంటుంది, ఐదు మెట్లు. ఇప్పుడున్న రూటర్‌ను వదిలి ఇంకో మంచి సిగ్నల్ కోసం ఎంత ఆత్రంగా వెతకాలో చెప్పే సెట్టింగ్ అది. ఇంట్లో ఒక్కటే రూటర్ ఉన్నప్పుడు ఆ ఆత్రం దండగ. అన్నిటికన్నా కింది మెట్టుకు దించండి. మెష్ (ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే రెండు మూడు యూనిట్లు) పెట్టుకున్న ఇంట్లో మాత్రం దించకండి, దూరంగా ఉన్న యూనిట్‌నే పట్టుకు వేలాడుతుంది. ప్రిఫర్డ్ బ్యాండ్ కూడా అక్కడే ఉంటుంది. పేర్లు వేరు చేసే వీలు రూటర్‌లో లేకపోతే ఇది వాడండి. 2.4 గిగాహెర్ట్జ్ చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి పరిమితం చెయ్యండి.

డ్రైవర్ విషయంలో విండోస్ అప్‌డేట్ "సరికొత్త డ్రైవర్ ఉంది" అంటే సరిపోదు. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్లో మీ మోడల్ నంబర్‌తో వెతకండి, ఇంటెల్ కార్డయితే ఇంటెల్ సైట్లోనూ చూడండి. గొడవ ఒక అప్‌డేట్ తర్వాతే మొదలైందా? డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కి పాతదానికి వెళ్లండి. పాత ల్యాప్‌టాప్‌కు కొత్త వైఫై 6 రూటర్ జత చేసినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 7260 లాంటి పాత ఇంటెల్ కార్డులు పాత డ్రైవర్లతో అలాంటి నెట్‌వర్క్ పేరునే చూడలేకపోయేవి. డ్రైవర్ మారిస్తే కనిపిస్తుంది, లేదా రూటర్‌లో 2.4 బ్యాండ్‌కు 11ఏఎక్స్ (వైఫై 6కే మరో పేరు) ఆపాలి. రూటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలగలుపు మోడ్‌లో ఉంటే కొన్ని పాత కార్డులు తెగుతూ కలుస్తూ ఉంటాయి. ఒక రోజు డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌లో పెట్టి చూడండి.

యూఎస్‌బీ 3 సంగతి మరచిపోవద్దు. దీన్ని చివరిదాకా ఎవరూ అనుమానించరు. యూఎస్‌బీ 3 తీగలు, హబ్‌లు, బయటి హార్డ్‌డిస్కులు పనిచేస్తున్నప్పుడు వెదజల్లే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వెలువరించింది. లక్షణం ఇలా ఉంటుంది: హార్డ్‌డిస్కులోకి ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ వైఫై కుంటుతుంది, వైర్‌లెస్ మౌస్ కూడా తడబడుతుంది. తీగ పీకితే అంతా సర్దుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్‌కు మారడం, హబ్‌ను అరమీటరు దూరం జరపడం, మందమైన షీల్డ్ ఉన్న తీగ వాడటం, ఇవే మార్గాలు. బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా 2.4లోనే తిరుగుతుంది కాబట్టి 2.4 వైఫై మీద బ్లూటూత్‌తో మీటింగ్ అంటే రెండింటికీ కష్టమే.

రూటర్ ఉన్న చోటు. టీవీ వెనక పెట్టారు కదా, అన్నిటికన్నా చెడ్డ చోట్లలో అదొకటి. టీవీ వెనక లోహపు పలక, పక్కన సెట్‌టాప్ బాక్సు వేడి, గోడకు ఆనుకుని సగం సిగ్నల్ పక్కింటికి. ఇటుక గోడ సిగ్నల్‌ను కొంత తింటుంది, కాంక్రీటు గోడ బాగా తింటుంది, ఇనుప బీరువా, నిలువుటద్దం దాదాపు అడ్డుకట్టే. రూటర్‌కూ మీ కుర్చీకీ మధ్య ఊహించుకుని గీత గీయండి. ఆ గీత మీద బీరువా ఉందా? ఫ్రిజ్ ఉందా? రూటర్‌ను రెండడుగులు పక్కకు జరిపితే ఆ గీత తలుపు సందులోంచి పోతుందేమో చూడండి. ఎత్తు ఐదారడుగులు ఉంటే మంచిది. యాంటెనాలు నిటారుగా ఉంచండి. రూటర్‌ను మరో గదికి మార్చాలంటే ఫైబర్ తీగ చాలదని భయపడక్కర్లేదు, ఆపరేటర్ మనిషి అతుకు వేసి పొడిగిస్తాడు. వంట గదిలో మైక్రోవేవ్ నడిచినప్పుడే తెగుతోందంటే అదీ 2.4 గిగాహెర్ట్జ్ గొడవే.

చానల్ సంగతికొస్తే, హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్లలో ఒక పడకగదిలోంచే ఇరవై ముప్పై నెట్‌వర్కులు కనిపించడం వింత కాదు. 2.4లో ఒకదానితో ఒకటి తగులుకోని చానళ్లు 1, 6, 11 మాత్రమే. 3 ఖాళీగా ఉందని దాన్ని ఎంచుకోవద్దు. ఒకే చానల్లో ఉన్న రూటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా మాట్లాడుకుంటాయి. 3లో ఉన్నది 1నీ, 6నీ రెండింటినీ గీరుతుంది, వాళ్లకు అది మాటగా కాక రొదగా వినబడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ పెట్టుకుని మూడింటిలో ఏది తేలిగ్గా ఉందో చూసి దాన్ని స్థిరంగా పెట్టండి.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 వరకు గానీ, 149 నుంచి 161 వరకు గానీ ఎంచుకోండి. ఆటో వదిలేస్తే రూటర్ 52 నుంచి 64, లేదా 100 నుంచి 144 మధ్యకు వెళ్లొచ్చు. ఆ చానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ లాంటి సంకేతం వినబడగానే రూటర్ ఆ చానల్ వదిలి వెళ్లాలి. అలాంటి మరో చానల్‌కు వెళితే మాట్లాడే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి. ఆ నిమిషం 5 గిగాహెర్ట్జ్ పేరే మాయమవుతుంది. "సరిగ్గా ఓ నిమిషం పోయి మళ్లీ వస్తుంది" అంటే దీన్ని గుర్తు తెచ్చుకోండి.

పింగ్ పరీక్షలో తప్పు రూటర్ వైపు తేలితే ముందుగా రూటర్ పేజీలో స్టేటస్ కింద అప్‌టైమ్ (ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో) చూడండి. రాత్రి నుంచి ఆపలేదు కదా, అప్‌టైమ్ 40 నిమిషాలే చూపిస్తోందా? రూటరే పడి లేస్తోంది. ఎక్కువ సార్లు దోషి దాని అడాప్టర్. 12 వోల్టులు ఇవ్వాల్సింది కొన్నేళ్లకు బరువు పడ్డప్పుడు తగ్గుతుంది, ఇంట్లో మోటారు వేసినప్పుడో ఇన్వర్టర్ మారినప్పుడో రూటర్ రీస్టార్ట్ అవుతుంది. కొత్త అడాప్టర్ కొంటే వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్ను పోలారిటీ కలవాలి. 9 వోల్టుల రూటర్‌కు 12 పెడితే కాలిపోవచ్చు. కరెంటు కోతలున్న చోట రూటర్లకోసం అమ్మే మినీ యూపీఎస్ దీనికి చక్కని మందు. వేసవిలో మరో మాట: ఇళ్లలో వాడే రూటర్లను ఎక్కువగా 40 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచేసేలా చేస్తారు. మే నెలలో పైకప్పు కింద, మూసిన షోకేసులో పెడితే మధ్యాహ్నాలు తెగడంలో ఆశ్చర్యం లేదు.

అప్‌టైమ్ బాగానే ఉండి, బయటి పింగ్ మాత్రమే పోతుంటే ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ దీపం చూడండి. ఎర్రగా వెలిగినా మెరిసినా కాంతి సరిగా అందట్లేదు. తీగ ఎక్కడైనా మూల దగ్గర మడత పడిందా, మంచం కాలి కింద నలిగిందా చూడండి. మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే ఇరుకుగా వంచకూడదు. రూటర్ పేజీలో ఆప్టికల్ పవర్ కనిపిస్తే రిసీవ్ అంకె మైనస్ 8, మైనస్ 27 డీబీఎంల మధ్య ఉండాలి. మైనస్ 26 అంటే అంచుమీద ఉన్నట్టే. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అనకుండా ఈ అంకె, 8.8.8.8 ఆగిన సమయాలు చెప్పండి, అటునుంచి రీస్టార్ట్ చేయమనే సలహా ఆగిపోతుంది.

ఇంట్లో పాత రూటర్‌ను రెండోదిగా తగిలించుంటే ఇంకొక చిక్కు. దాంట్లోనూ డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు ఇచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇద్దరూ చిరునామాలు పంచుతారు. ల్యాప్‌టాప్‌కు ఒక్కోసారి తప్పు గేట్‌వే వస్తుంది, వైఫై గుర్తు ఉంటుంది, నెట్ ఉండదు. రెండోదాంట్లో డీహెచ్‌సీపీ ఆపి, దాని సొంత చిరునామా 192.168.1.2 లాంటిదిగా మార్చి, తీగను దాని ల్యాన్ పోర్టులోనే పెట్టండి. ఐపీకాన్ఫిగ్‌లో 169.254తో మొదలయ్యే చిరునామా కనబడితే అసలు ఎవరూ ఇవ్వలేదన్నమాట.

నెట్‌వర్క్ రీసెట్ చివరికి ఉంచుకోండి. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ తుడిచేస్తుంది, వీపీఎన్ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు చిరునామాలు వెతికే సర్వర్) మార్చమనే సలహా వింటుంటారు, వైఫై తెగడానికీ దానికీ సంబంధం లేదు. ఎక్స్‌టెండర్ (సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టె) కూడా ఇప్పుడే వద్దు. ఒకే రేడియోతో అందుకుని, దాంతోనే మళ్లీ పంపే రకాలు వేగాన్ని సగం చేస్తాయి, బలహీనమైన చోట పెడితే బలహీనతనే పంచుతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా ల్యాప్‌టాప్ ఒక్కటే తెగుతుంటే కార్డును, యాంటెనా తీగలను చూడాలి. రూటర్‌కు రెండడుగుల దూరంలో కూర్చుని 5 గిగాహెర్ట్జ్ మీద వేగం చూడండి. రెండు యాంటెనాల వైఫై 5 కార్డు 866 ఎంబీపీఎస్ చూపించాలి. ఎప్పుడూ 433 దాటకపోతే, అంత దగ్గరలోనూ సిగ్నల్ 60 శాతమే ఉంటే, లోపల ఒక యాంటెనా తీగ ఊడి ఉండొచ్చు. కింద పడ్డ, లేదా ఈమధ్య బ్యాటరీ మార్చిన ల్యాప్‌టాప్‌లలో ఇది జరుగుతుంది. అయితే కార్డే ఒక యాంటెనాదైతే 433 సహజం, ముందు మోడల్ చూసుకోండి. కార్డు మార్చాల్సి వస్తే ఏఎక్స్210 ఇంటెల్, ఏఎండీ రెండింటిలోనూ పనిచేస్తుంది. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లకే. చవగ్గా ఉందని ఏఎండీ ల్యాప్‌టాప్‌కు కొంటే దండగ. కార్డు మదర్‌బోర్డుకు అతికించి ఉండే పల్చటి మోడళ్లకు ఈ దారి లేదు, యూఎస్‌బీ డాంగిల్ ఒక్కటే.

వెతుకులాట సాగినన్నాళ్లూ మీటింగులు ఆగకూడదు కాబట్టి రెడీమేడ్ క్యాట్ 6 తీగ ఒకటి, 10 లేదా 15 మీటర్లది తెచ్చుకోండి. గోడ అడుగున పరిచి రూటర్ ల్యాన్ పోర్టు నుంచి పడకగదికి లాగండి. ల్యాప్‌టాప్‌లో ల్యాన్ పోర్టు లేకపోతే గిగాబిట్ యూఎస్‌బీ అడాప్టర్ చాలు. తీగ పెట్టినప్పుడు వైఫై ఆపెయ్యండి. అలా రెండు రోజులు నడిపినా అదే పావుగంటకు తెగుతుంటే వైఫై జోలికి ఇక వెళ్లక్కర్లేదు, ఎల్ఓఎస్ దీపం, అడాప్టర్ దగ్గరికి తిరిగి రండి.